గంగరాజు తాతల నాటి చెరువు

సాంబశివరావు మంచివాడని ఎవరైనా అంటే గంగరాజు చెంబెడు నీళ్లు తెప్పించుకుని నోరు పుక్కిలించేవాడు. ఆ చెంబెడు నీళ్లు కూడా సాంబశివరావు వదిలితేనే రావాలి, అదీ అసలు బాధ.

వాళ్ల ఊరు రెల్లుతిప్ప. కోడూరుకి దిగువన, సముద్రానికి కాస్త ఎగువన ఉంటుంది. కృష్ణమ్మ ఎక్కడో కొండల్లో పుట్టి, ఆనకట్ట దగ్గర కాలవల్లో పడి, అవనిగడ్డ దాటి, కోడూరు దాటి, పంటబోదెలోంచి రెల్లుతిప్ప చేరేసరికి పెళ్లిలో ఆఖరి బంతికి వచ్చిన పప్పులాగా ఉంటుంది. ఉందంటే ఉంది, గరిటెకి తగలదు. ఆ బోదెకి తలవైపు సాంబశివరావు పొలం, తోకవైపు గంగరాజు పొలం. ఇద్దరూ వరసకి బావాబావమరుదులు. ఆ వరస పెళ్లిళ్లలో వడ్డన దగ్గర పనికొచ్చేది గానీ బోదె గట్టు మీద పనికొచ్చేది కాదు.

ప్రభుత్వం కాలవల పెత్తనం రైతులకే అప్పజెప్పి నీటి సంఘాలు పెట్టిన ఏడు, సాంబశివరావు ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. గంగరాజు ఇంటికొచ్చి, అరుగు మీద కూచుని, "శివారు చేను తడవందే నా చేను తడపను బావా" అని చెయ్యి పట్టుకున్నాడు. గంగరాజు తన ఓటుతో పాటు, మాట్లాడుకోని తమ్ముడి చేత కూడా ఓటు వేయించాడు. గెలిచాక సాంబశివరావు తలవైపు రెండు చేపల చెరువులు తవ్వించి, బోదె అడుగున ఎవరికీ కనపడకుండా రెండు తూములు పెట్టించాడు. బోదెలో నీళ్లొస్తే ముందు ఆయన చేపలు తాగాలి. తర్వాత ఆయన చేలు తాగాలి. ఆ తర్వాత ఆయన గేదెలు ఈదాలి. మిగిలింది శివారుకి.

తలవైపు మూడు రోజులు, తోకవైపు మూడు రోజులు అని వంతు మాత్రం ఉండేది. శివారు వంతు వచ్చిన రోజున బోదెకి అడ్డంగా గడ్డి కుక్కిన గోతాలు ప్రత్యక్షమయ్యేవి. గంగరాజు వెళ్లి అడిగితే సాంబశివరావు పళ్లు కుట్టుకుంటూ చెప్పేవాడు.

"నాచు అడ్డం పడింది బావా."

"నాచు గోతాల్లో పుడుతుందా బావా?"

"ఎక్కడ పుడుతుందో నాకేం తెలుసు? నేను నీళ్లకి ప్రెసిడెంటుని గానీ నాచుకి ప్రెసిడెంటునా?"

అలా గొడవపడుతూనే ఆరేళ్లు గడిచాయి. రెండు వేల మూడులో నదిలోనే నీళ్లు లేకుండా పోయాయి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే నమ్మి, గంగరాజు ఆకుమడి పోశాడు. నారు జానెడు లేచింది. లేచాక వాన మొహం చాటేసింది, కాలవ ఎండిపోయింది. ఆ ప్రాంతంలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అవి చేలో పెట్టడం కంటే చేనుకి నిప్పు పెట్టడం నయం. నారు చివర్లు పసుపు తిరిగాయి. ఆకుమడి పోతే ఆ ఏడు ఊడ్పుల్లేవు, ఊడ్పుల్లేకపోతే గాదెలో గింజల్లేవు. పొద్దున్నే గట్టు మీద నిలబడి నారు వంక చూసి, మధ్యాహ్నం అన్నం ముందు కూచుని కంచం వంక చూసి, గంగరాజు ఒకరోజు చొక్కా తొడుక్కుని అవనిగడ్డ బస్సెక్కాడు.

కాలవల ఆఫీసులో డీఈ రాజారత్నంగారు ఉన్నారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. కసిరితే కూడా కుశలం అడిగినట్టు ఉంటుంది.

"చేలకి చుక్క లేదండి గంగరాజుగారూ. పైన డ్యాంలో ఉన్న కాస్తా జనం తాగడానికి. ఇప్పుడు వదిలేది మంచినీళ్ల చెరువులకే."

"వదిలితే దారిలో తూములు మింగవాండీ?"

"అన్నిటికీ సీలు. గట్టు మీద పోలీసులుంటారు, రెవెన్యూ వాళ్లుంటారు. ఆఖరి చెరువు నిండేదాకా తలవైపు ఒక్కడు తూము ముట్టుకోడానికి లేదు."

"సాంబశివరావు తూములు కూడానాండీ? నీళ్లలో ఉంటాయి, కనపడవు."

"మా మామగారి తూమైనా సరే."

ఆ మాట గంగరాజు చెవిలో సన్నాయిలాగా మోగింది. డీఈగారు గోడ మీద పటం వంక చూసి, "మీ రెల్లుతిప్పకి ఒక చెరువే కదా? అది తలవైపే ఉంది. అక్కడిదాకా వచ్చి ఆగుతాయి" అన్నారు.

"రెండండి" అన్నాడు గంగరాజు.

నోరు జారిందనుకుంటే పొరపాటు. నోరే ముందు పరిగెత్తింది, బుర్ర వెనకాల చెప్పులు వెతుక్కుంటూ వెళ్లింది.

"రెండోది ఎక్కడండి?"

"బోదె చివర, పల్లెపాలెం పక్కనండి. పాపం చేపలు పట్టుకు బతికే పల్లెకారులకి అదే ఆధారం."

"పటంలో లేదే?"

"ఆ పటం గీసినాయన మా దాకా రాలేదేమోనండి. ఎవరొస్తారు మా దాకా? నీళ్లే రావు."

డీఈగారు నవ్వారు. "సరే, వచ్చే వారం నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య ఇందిర చేతిలో చేట కింద పెట్టేసింది. "ఏవండీ, చెరువంటే కోడూరు సంతలో కొనుక్కొచ్చేదా? వారంలో ఎక్కణ్ణించి తెస్తారు?"

"మన పల్లపుచెక్క ఉందిగా."

పల్లపుచెక్క ఆయన పొలంలో అన్నిటికంటే దిగువ ముక్క. ఇల్లు కట్టినప్పుడు పునాది మెరక చెయ్యడానికి మట్టి అక్కడిదే తోలారు, అందుకని మోకాలి లోతు దిగి ఉండేది. మూడు వైపులా గట్టు, నాలుగో వైపు బోదె. ఎండిన చెరువనుకునే మనిషికి ఎండిన చెరువులాగే కనపడుతుంది.

చెరువు సరే, చెరువుకి జనం కావాలి. గంగరాజు పల్లెపాలెం వెళ్లాడు. అక్కడ సత్యవతి మాట చెల్లుతుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని కోడూరు దాకా నడిచే మనిషి, బేరంలో ఎవరికీ లొంగదు. ఇంటి ముందు కూచుని చిరిగిన వల కుడుతూ ఉంది.

"సత్యవతీ, మీ పాలేనికి మంచినీళ్ల చెరువు ఇస్తాను."

ఆమె వల మీంచి తలెత్తలేదు. "మీరు బురద కూడా ఊరికే ఇవ్వరు గదండీ. మీకేంటి లాభం?"

"మీరు సాంబశివరావు చేపల చెరువు పక్క నుంచి అంత దూరం బిందెలు మోసుకొస్తుంటే చూడలేక..."

"నిరుడు చూడగలిగారుగా."

గంగరాజు మెడ గోక్కున్నాడు. "నా ఆకుమడి ఎండిపోతోందమ్మా. చెరువులోకి నీళ్లొస్తే రెండు తడులు తోడుకుంటాను."

"అదీ మాట! ముందే చెబితే ఈపాటికి పార పట్టుకునేదాన్ని" అని సత్యవతి లేచి నిలబడింది. "ఆ తలవైపు చెరువులో కూడా ఆయన చేపలు వదిలాడు. చేపలమ్మి బతికేవాళ్లమే గానీ, చేపలు ఉచ్చపోసిన నీళ్లు ఎన్నాళ్లు తాగుతాం? పదండి."

పాలెం ఆడవాళ్లంతా పారలూ తట్టలూ పట్టుకుని దిగారు. గట్లు మోకాలెత్తు లేచాయి. తాటి దుంగలు పరిచి రేవు కట్టారు. అంతా అయ్యాక సత్యవతి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎగాదిగా చూసింది.

"ఇది ఇంకా చెరువులాగా లేదండి."

"ఏం తక్కువైంది?"

"రేవున్నచోట గంగమ్మ ఉండాలి. గంగమ్మ లేని చెరువుని గేదె కూడా నమ్మదు. మీ డీఈగారు నమ్ముతాడా?"

భలే గుర్తుచేశావనుకుని గంగరాజు ఇంటికి పరిగెత్తాడు. పెరట్లో రుబ్బురోలు పొత్రం ఒకటి పగిలి పడి ఉంటే భుజానికెత్తుకున్నాడు. "అది మా అమ్మ సారెలో పెట్టింది" అని ఇందిర వెంటపడింది. "మీ అమ్మకి ఇంతకంటే పుణ్యమేముంది?" అని ఆయన ఆగలేదు. పొత్రాన్ని రేవు పక్కన పాతి, పాతదిలాగా కనపడాలని ఆముదం పూసి, పొయ్యి మసి పట్టించాడు. ఆ పైన పసుపు పామాడు. ఆడవాళ్లు కుంకం పెట్టారు, వేపమండలు గుచ్చారు, చలిమిడి ముద్ద పెట్టి పాటెత్తుకున్నారు. పాటలో సగానికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. ఇందాకటిదాకా కొంగులడ్డం పెట్టుకుని ఇకిలించిన వాళ్లు కూడా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. గంగరాజుకి అది నాటకం బాగా రక్తి కట్టినట్టు అనిపించింది.

చెప్పిన రోజుకి డీఈగారి జీపు వచ్చింది. ముందు సీట్లో సాంబశివరావు. నీటి సంఘం ప్రెసిడెంటు లేకుండా తనిఖీ ఉండదు మరి.

దిగీ దిగకుండానే సాంబశివరావు అందుకున్నాడు. "ఇది చెరువేంటండీ! ఇది గంగరాజు పల్లపుచెక్క. నిరుడు ఇందులో వరి కోశాడు, నేను నా కళ్లతో చూశాను."

"వరి కోయడానికి నీళ్లెక్కడివి బావా? నువ్వేమైనా వదిలావా?" అన్నాడు గంగరాజు.

దానికి సాంబశివరావు దగ్గర జవాబు ఉంది గానీ, డీఈగారి ముందు చెప్పే జవాబు కాదు. ఆయన మీసం సర్దుకున్నాడు.

డీఈగారు చెరువులోకి దిగి నాలుగడుగులు వేశారు. బూటు ముక్కుతో కింద ఏదో కదిపి, రేవులో బిందెలతో నిలబడ్డ పాలెం ఆడవాళ్ల వైపు చూశారు. "చెరువులో వరి దుబ్బులున్నాయేంటమ్మా?"

సత్యవతి బిందె చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. "తుంగండీ బాబుగారూ. నీళ్లు చూసి చాలా కాలమైంది గదా, తను తుంగో వరో దానికే గుర్తులేదు."

డీఈగారు గట్టిగా నవ్వేశారు. జేబురుమాలుతో కళ్లు తుడుచుకుని, గంగమ్మ రాయి దగ్గర కాస్త ఆగి, గంగరాజు వైపు తిరిగారు.

"ఎప్పటిదండీ ఈ చెరువు?"

"మా తాతల నాటిదండి."

"మీ తాతగారే తవ్వించారా?"

"దగ్గరుండి తవ్వించారండి."

"పాలెం వాళ్ల కోసం?"

"వాళ్ల కోసమేంటండి, ఊరందరి కోసం! అంత ధర్మాత్ముడండి మా తాత." పక్క కల్లంలోంచి ఎగిరొచ్చిన పిచ్చుక తమ గింజలు తిన్నదని తగువు పెట్టుకున్న మనిషి ఆ తాత. ఏ లోకంలో ఉన్నాడో గానీ ఆ పూట పొలమారి ఉంటుంది.

"అంటే ఊరుమ్మడి చెరువన్నమాట" అన్నారు డీఈగారు, మెత్తగా.

"ముమ్మాటికీ ఊరుమ్మడేనండి!"

అప్పటిదాకా అడ్డం చెప్పడానికి నోరు తెరిచి ఉన్న సాంబశివరావు ఆ మాట విని నోరు మూసుకున్నాడు. ఆయన మొహం పెట్రోమాక్సు లైటు అంటుకున్నట్టు నెమ్మదిగా వెలిగింది. చెప్పులు విడిచాడు. గంగమ్మ రాయి ముందు నిలబడి చెంపలు వాయించుకున్నాడు.

"పాపం శమించుగాక! నాకే మతిమరుపండి డీఈగారూ. గంగరాజు తాత తవ్వించిన చెరువే ఇది. ఊరుమ్మడిదే. చిన్నప్పుడు నేను ఈత నేర్చుకున్నది ఇందులోనే. కావాలంటే సాక్షిగా నా పేరు రాసుకోండి."

జీపు వెళ్లిపోయింది. గంగరాజు ఇంటికి ఎగురుకుంటూ వచ్చి, "చూశావా గంగమ్మ మహిమ! సాంబశివరావు బావ నోటి వెంటే నిజం చెప్పించింది" అన్నాడు.

"నిజమా?" అంది ఇందిర. "ఆయన మోకాలి లోతు చెక్కలో ఈత నేర్చుకోవడం నిజమా? ఇన్నేళ్లలో మీ మాటకి ఆ మనిషి ఒక్కసారి ఔనన్నాడా? ఇప్పుడెందుకు అన్నాడో కాస్త కూచుని ఆలోచించండి."

కూచుని ఆలోచించే తీరిక గంగరాజుకి లేదు. గుడివాడలో కొన్న పాత ఆయిల్ ఇంజను బాగుచేయించుకునే పనిలో ఉన్నాడు.

నీళ్లు వదిలారు. గట్టు మీద కర్రలు పట్టుకుని పోలీసులు, గొడుగులు పట్టుకుని రెవెన్యూ వాళ్లు. కాలవ లస్కరు బోదెలో దిగి, కాలితో తడిమి, సాంబశివరావు తూములు రెండూ పట్టుకుని, మట్టి కూరి, గోనె కట్టి, లక్క సీలు వేశాడు. సాంబశివరావు గొడుగు కింద నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. గంగరాజు ఆ దృశ్యం చూడడానికే రెండుసార్లు అటు వెళ్లొచ్చాడు. ఊరి చెరువు నిండాక నీళ్లు కిందికి కదిలాయి. ఎన్నడూ లేనిది, శివారు బోదె ఒడ్లు ఒరుసుకుంటూ వచ్చి పల్లపుచెక్కలో దూకింది. పాలెం పిల్లలు దూకారు, ఆడవాళ్లు బిందెలు ముంచారు, నీళ్లు నోట్లో పోసుకుని, "చప్పగా ఉన్నాయే!" అని ఆశ్చర్యపోయారు. ఉప్పు లేని నీళ్లు ఇంటి పక్కనే దొరకడం వాళ్లకి అదే మొదలు.

సాయంత్రం గంగరాజు ఇంజను మోయించుకొచ్చి రేవులో పెట్టాడు. అది దగ్గి, తుమ్మి, పొగ వదిలి, నీళ్లు ఎత్తింది. ఆకుమడి తడిసింది. నారు మర్నాటికి తలెత్తింది. రెండో తడికి ఇంజను తెచ్చేసరికి సత్యవతి రేవు మెట్టు మీద కూచుని ఉంది.

"ఒక్క గంటేనండి. అంతకంటే తోడితే అడుగు బురద లేస్తుంది. బిందెల్లోకొస్తుంది."

"నా చేలో నీళ్లు నేను తోడుకోడానికి నువ్వు టైము చెబుతావా?"

"ఎవరి చేనండీ?" అంది సత్యవతి. వెనక బిందెలతో నిలబడ్డ వాళ్లు కిసుక్కుమన్నారు.

గంగరాజు చుట్టూ చూశాడు. బోదె గట్టు మీద రెవెన్యూ ఆయన ఇంకా గొడుగేసుకుని తిరుగుతున్నాడు. "చెరువే, చెరువే" అన్నాడు మెల్లగా. గంటకి ఇంజను ఆపేశాడు.

భాద్రపదంలో పైన వానలు పడ్డాయి, చేలకి కూడా నీళ్లొదిలారు. అందరి ఆకుమళ్లూ ఎండిపోయి మళ్లీ విత్తనాలకి పరుగెడుతుంటే, గంగరాజు మాత్రం దర్జాగా ఆకు తీయించి ఊడ్పులు మొదలుపెట్టాడు. ఊళ్లో పదిమంది మెచ్చుకున్నారు. మెరక చేలు ఊడ్చాడు. చివరికి పల్లపుచెక్క గట్టు కొట్టి నీళ్లు బయటికి వదిలి, దమ్ము చేయించాలని ట్రాక్టరు పిలిచాడు.

ట్రాక్టరు డ్రైవరు రేవు దగ్గరికొచ్చి ఇంజను ఆపాడు. దిగి, చెప్పులు విడిచి, పసుపు రాయికి దణ్ణం పెట్టాడు. మళ్లీ ఎక్కి, వచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. "గంగమ్మ చెరువులో దమ్మేంటండీ బాబూ, నాకు పిల్లలున్నారు" అన్నాడు. కూలీలని గట్టు కొట్టమంటే పారలు కింద పెట్టేశారు. సరే, తనే కొడదామని గంగరాజు పార ఎత్తాడు. ఎదురుగా చలిమిడి గిన్నె పట్టుకుని ఇందిర. శుక్రవారం, పాలెం వాళ్లతో పాటు పూజకి వచ్చింది.

"నువ్వు కూడానా! అది మీ అమ్మ పొత్రమే! మసి పూసింది నేనే!"

"పూసినప్పుడు పొత్రం. ఇంతమంది దణ్ణం పెట్టాక కూడా పొత్రమేనా? ఆ పార కింద పెట్టండి."

డీఈగారి కాళ్లావేళ్లా పడదామని అవనిగడ్డ వెళ్లాడు. ఆయన కుర్చీ చూపించి, టీ తెప్పించారు.

"మీరు ఊరుమ్మడి చెరువన్నారు. మీ ప్రెసిడెంటుగారు సాక్ష్యం చెప్పారు. నేను బందరుకి రాశాను. శివారు దాకా నీళ్లు చేరిన చెరువని కలెక్టరుగారు సంతోషపడ్డారు కూడా. ఇప్పుడు అది మీ సొంత చేనంటే, మంచినీళ్లు అబద్ధమాడి చేనుకి తోడుకున్నారని రాయాలి. ఏది రాయమంటారు?"

గంగరాజు టీ తాగాడు. అందులో పంచదార ఎక్కువే వేశారు గానీ ఆయనకి చేదుగానే దిగింది.

"ఉన్నదే ఉంచండి" అన్నాడు.

కార్తీకంలో సాంబశివరావు రేవు పక్కన నాపరాయి పలక పాతించాడు. నీటి సంఘం ప్రెసిడెంటు హయాంలో బాగుచేయబడిన చెరువని చెక్కించి, కింద తన పేరు పెద్దక్షరాలతో వేయించుకున్నాడు.

"బావా, నా పేరేదీ?" అన్నాడు గంగరాజు.

"నువ్వు తవ్వించావా ఏంటి? తవ్వించినాయన పేరు అడుగున వేయిస్తాలే. మీ తాత పేరేంటి?"

ఇక కొలత మిగిలింది. చెరువుని ఊరుమ్మడి కింద లెక్కల్లో రాసుకోడానికి బందరు నుంచి సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. గొలుసు అటు చివర సాంబశివరావు తానే పట్టుకున్నాడు. కనీసం గట్టు వదలమని, గట్టు మీద కందిమొక్కలు వేసుకుంటానని గంగరాజు బతిమాలాడు. "బిందె దించుకోడానికి గట్టుండద్దాండీ?" అంది సత్యవతి. ఊళ్లోకి నడిచే దారైనా వదలమన్నాడు. "దారి లేకపోతే గాల్లో ఎగిరొస్తామా?" అంది. సర్వేయరు అన్నీ కలిపాడు.

నీళ్లుండే చెక్క ఎకరం ఆరు సెంట్లు, గట్లు నాలుగు సెంట్లు, రేవుకి నడిచే దారి రెండున్నర సెంట్లు. గంగరాజుకి పోయింది మొత్తం ఎకరం పన్నెండున్నర సెంట్లు.